ఫ్రేమ్ కట్టిన గళ్ళ కటింగ్ బోర్డు ఎందుకు పగిలింది: ఒక కేసు, నా తప్పులతో సహా

ఈ బోర్డు చివరికి బాగుపడింది. కానీ అంతకుముందు ఎనిమిది నెలల పాటు నేను దాని జబ్బు తప్పుగా చెబుతూ వచ్చాను, అందులో ఒక సలహా అయితే ఉన్న దెబ్బని ఇంకా పెద్దది చేసింది. ఆ భాగం కోసమే రాస్తున్నా. చేసినతని పేరు, ఊరు, ఎవరి ఇంట్లో ఉంది అనేవి తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

చేసినతను ఔత్సాహికుడు. ఉద్యోగం వేరే, సెలవు రోజుల్లో చెక్క పని. మూడేళ్ళుగా చేస్తున్నాడు, చెయ్యి శుభ్రంగా ఉంటుంది, కొలతల దగ్గర నాకంటే ఓపిక ఎక్కువ. వాళ్ళ అక్క కోసం ఒక గళ్ళ బోర్డు చేశాడు. మేపుల్, వాల్‌నట్ తెలుపు నలుపు గళ్ళు, చదరంగం బల్లలా. గడి 28 మిల్లీమీటర్లు. పొడుగున 15 వరసలు, అడ్డంగా 10 గళ్ళు, అంటే నడిమి భాగం 420 బై 280, మందం 40. దాని చుట్టూ 4 మిల్లీమీటర్ల ఎర్రటి పడాక్ చెక్క గీత, ఆ పైన 25 మిల్లీమీటర్ల వెడల్పు వాల్‌నట్ ఫ్రేమ్, మూలల్లో 45 డిగ్రీల కోత. ఫొటో చూడగానే నేను "భలే ఉంది" అన్నాను. ఫ్రేమ్ గురించి ఒక్క ముక్క అడగలేదు. అక్కడే మొదలైంది నా తప్పు.

ఈ గళ్ళ బోర్డులు ఎలా తయారవుతాయో తెలియనివాళ్ళకి రెండు మాటలు, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. ముందు పొడవాటి బద్దల్ని మేపుల్ ఒకటి, వాల్‌నట్ ఒకటి పక్కపక్కన జిగురు పెట్టి పలకలా అంటిస్తాం. ఆరాక చిత్రిక పట్టి, ఆ పలకని అడ్డంగా ముక్కలు కోస్తాం. ప్రతి ముక్కనీ 90 డిగ్రీలు తిప్పి కోసిన మొహం పైకి వచ్చేలా పెడతాం, ఒకటి విడిచి ఒకటి తల కిందులు చేస్తాం, గళ్ళు పడతాయి. మళ్ళీ జిగురు. ఇప్పుడు బోర్డు మీద కనిపించేది చెట్టు మొద్దు నరికితే పైన కనిపించే మొహం. చెక్క నార అంతా నిలువుగా, కిందనుంచి పైకి ఉంటుంది. కత్తి పడితే నార తెగదు, బ్రష్ వెంట్రుకల్లా పక్కకి జరిగి మళ్ళీ దగ్గరకొస్తుంది, అందుకే ఈ బోర్డులంటే కత్తులకి కూడా ఇష్టం. దీన్నే ఎండ్ గ్రెయిన్ అంటారు, నేను ఇక్కడ నిలువు నార అంటాను.

ఫ్రేమ్ సంగతి వేరు. అది మామూలు బద్ద. దాని నార పడుకుని ఉంటుంది, బోర్డు అంచు వెంట పొడుగ్గా. నిలువు నార ఒళ్ళు (గళ్ళున్న నడిమి భాగాన్ని ఇలా అంటాను), అడ్డ నార ఫ్రేమ్, మధ్యలో నాలుగు పక్కలా గట్టి జిగురు.

మొదటి చీలిక, నా ఫోన్ సలహా

బోర్డు చేసింది వానలు పడే నెలల్లో. అక్క వాళ్ళింట్లో వంటగది పక్కనే ఏసీ గది, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, గాలి బాగా పొడి. నాలుగు నెలలకి చీలిక. ఐదో వరసలో, ఒక పొడుగు అంచు దగ్గర మొదలై అడ్డంగా బోర్డు మధ్య దాకా, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్. ఫొటో పంపి "అన్నా, జిగురు సరిగ్గా పట్టలేదంటావా?" అని అడిగాడు.

అతను ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇచ్చాడు, నేను తీసేసుకున్నాను. నిలువు నార బోర్డు రెండో జిగురులో వరసలు ఎక్కువ, జిగురు ఆరిపోతుందేమోనని టెన్షన్ ఎక్కువ, అందరూ అక్కడే తడబడతారు. కాబట్టి అదే అయ్యుంటుంది అనుకున్నాను. "చీలికలోకి జిగురు బాగా దిగేలా పెట్టి, పొడుగు దిశలో క్లాంపులు వేసి మూసెయ్" అన్నాను.

చీలిక లోపలి మొహాలు ఎలా ఉన్నాయో అడగాల్సింది. జిగురు ఫెయిలైతే ఆ మొహం నున్నగా, మెరుస్తూ, ఎండిన జిగురు పొరతో ఉంటుంది. చెక్క ఫెయిలైతే నార చిరిగిన గరుకు ఉంటుంది. అరచేతిలో పట్టే భూతద్దం చాలు, ఒక నిమిషం పని. అడగలేదు.

రెండో సూచన కూడా అతనే ఇచ్చాడు, నేను వదిలేశాను. క్లాంప్ ఎంత బిగించినా చీలిక సగమే మూసుకుందని చెప్పాడు. ఇక్కడ ఆగాలి. మేపుల్ ఎంత గట్టి చెక్కయినా, 40 మిల్లీమీటర్ల మందం బోర్డుకి రెండు మూడు మంచి క్లాంపులు వేస్తే ఒకటిన్నర మిల్లీమీటర్ సందు మూసుకోవడం పెద్ద విషయం కాదు, ఏదో అవతలనుంచి పట్టుకుని ఉంటే తప్ప. ఇక్కడ పట్టుకున్నది ఫ్రేమ్. పొడుగు పక్కల్లో ఉన్న వాల్‌నట్ బద్దల నార క్లాంప్ నొక్కే దిశలోనే ఉంది, ఆ దిశలో చెక్క నొక్కుకోదు. ఒకరకంగా క్లాంప్ ఒత్తిడంతా ఆ రెండు బద్దల మీద పడుతోంది, చీలిక దాకా రావడం లేదు. నేను "పర్లేదు, మిగతాది చెక్క పొడి కలిపి నింపెయ్" అన్నాను.

మేం వాడే పీవీఏ (మామూలు తెల్ల చెక్క జిగురు) సందు నింపడానికి పనికిరాదు. పల్చటి పొరగా, రెండు మొహాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటేనే దాని బలం. అది తెలిసీ అలా అన్నాను. ఆరు వారాలు తిరగలేదు, తొమ్మిదో వరసలో రెండో చీలిక వచ్చింది. ఐదో వరసది కూడా సన్నగా మళ్ళీ తెరుచుకుంది.

ఎపాక్సీ

ఈసారి అతనే "ఎపాక్సీ పోసేస్తాను, వాల్‌నట్ పొడి కలిపి" అన్నాడు. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే రెసిన్. నేను సరే అన్నాను. నా లెక్క ఇది: ఎపాక్సీ సందు నింపుతుంది, కుంచించుకోదు, గట్టిగా ఉంటుంది, ఇక చీలిక కదలదు. పైకి చూస్తే బాగా కుదిరింది కూడా, నల్ల గళ్ళలో అయితే ఎక్కడుందో వెతకాలి.

కానీ పోసింది పొడి నెలల్లో, చెక్క బాగా కుంచించుకుని ఉన్నప్పుడు. చీలిక అంటే చెక్క కుంచించుకుపోయిన మేర ఖాళీ అయిన చోటు, చెక్క మళ్ళీ ఉబ్బినప్పుడు దానికి కావాల్సిన చోటు కూడా అదే. మేం ఆ చోటుని రాయిలాంటి పదార్థంతో మూసేశాం. తలుపు సందులో రాయి పెట్టి తలుపు మూయమన్నట్టు.

గాలిలో తేమ పెరిగిన నెలలు వచ్చాయి, ఏసీ ఆగింది. బోర్డు ఉబ్బింది. పాత చీలికలు తెరుచుకోలేదు, అవి మూసుకుపోయాయి కదా. ఈసారి ఫ్రేమ్ మూలలు విడిపోయాయి, ఎదురెదురుగా ఉన్న రెండు మూలల్లో ఒక్కొక్క మిల్లీమీటర్ సందు, బయటివైపు. పడాక్ గీత ఒక మూల దగ్గర తెగి పైకి లేచింది.

అప్పుడు బోర్డు నా దగ్గరకి తెమ్మన్నాను. మొదటి రోజే ఆ పని చేసి ఉంటే ఈ కేసు ఇంత పొడుగు ఉండేది కాదు.

మూడు వారాలు ఏమీ చేయకుండా

అతను బోర్డు తెచ్చిన రోజే విప్పేసి పని మొదలుపెడదామన్నాడు. నేను వద్దన్నాను. రెండు సలహాలు తప్పాయంటే మూడోది ఇవ్వకుండా ముందు చూడాలి, ఏది ఎప్పుడు తెరుచుకుంటోందో ఎవరం కొలవలేదు. పక్క గదిలో డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే మెషీన్) పెట్టి, బోర్డుని గాలి అన్ని వైపులా తగిలేలా రెండు బద్దల మీద నిలబెట్టి, మూడు రోజులకోసారి తేమ మీటర్ రీడింగూ, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) సందులూ రాసుకున్నాను.

వచ్చిన రోజు చెక్కలో తేమ 13 శాతం. మూలల సందు ఒక మిల్లీమీటర్. పదో రోజుకి 11 శాతం, సందు సగమైంది. మూడో వారం చివర 9 శాతం దగ్గర మూలలు పూర్తిగా మూసుకున్నాయి, కాగితం కూడా దూరలేదు. అదే సమయంలో ఎపాక్సీ గీత పక్కనే, ఐదో వరసలో, వెంట్రుక వాసి చీలిక కొత్తగా కనిపించింది. 0.2 మిల్లీమీటర్, తర్వాత 0.4.

తడికి మూలలు, పొడికి ఒళ్ళు. ఒకే బోర్డులో రెండు వేర్వేరు చోట్లు వంతులేసుకుని తెరుచుకుంటున్నాయంటే అక్కడ చెడ్డ జిగురు లేదు, ఇరుకున పడ్డ చెక్క ఉంది. భూతద్దం అప్పుడు పెట్టాను. ఆ వెంట్రుక చీలికలో రెండు వైపులా చిరిగిన నార. అతని జిగురులో ఏ లోపమూ లేదు. ఆ సంగతి చెప్పినప్పుడు అతని మొహం వెలిగింది, ఎనిమిది నెలలుగా తన జిగురునే తిట్టుకుంటున్నాడు మరి.

లెక్క కూడా వేశాం. గట్టి మేపుల్ పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండే వరకు వార్షిక వలయాల వెంట సుమారు 9.9 శాతం, వలయాలకి అడ్డంగా 4.8 శాతం కుంచించుకుంటుంది. నల్ల వాల్‌నట్ 7.8, 5.5. నార పొడుగు దిశలో మాత్రం మామూలుగా 0.1 నుంచి 0.2 శాతం, అంటే లేనట్టే. ఇంట్లో ఉండే మార్పు పూర్తి ఎండటం కాదు కాబట్టి ఒక్కో శాతం తేమకి ఎంత అని చూడాలి. రెండు చెక్కలూ, వలయాల దిశలూ కలిసిన బోర్డుకి ఒక్కో శాతం తేమకి వెయ్యింట రెండున్నర అనుకుంటే బాగానే సరిపోతుంది. అతని షెడ్‌లో అదే చెక్కల మిగులు ముక్కలు వానల్లో 13 శాతం చూపించాయి, మా గదిలో బోర్డు 9 దగ్గర నిలిచింది. తేడా 4. నాలుగు వందల ఇరవై మిల్లీమీటర్ల మీద అది 4.2 మిల్లీమీటర్లు. అడ్డంగా 280 మీద 2.8. పొడుగు దిశలో కదలిక ఎక్కువ కాబట్టే రెండు చీలికలూ బోర్డుకి అడ్డంగా వచ్చాయి, పొడుగున రాలేదు.

అదే సమయంలో ఫ్రేమ్ పొడుగు పక్క అర మిల్లీమీటర్ కూడా కదలదు. ఒళ్ళు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి పోదామంటుంది, ఫ్రేమ్ పోనివ్వదు.

గాలి తేమ సంగతి: గది ఉష్ణోగ్రతలో గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క సుమారు 16 శాతం దగ్గర నిలబడుతుంది, 50 ఉంటే 9, 30 ఉంటే 6. అంటే మా నాలుగు శాతం తేడా పెద్ద విపరీతమేమీ కాదు. మామూలు ఇంట్లో మామూలు ఏడాది.

ఫ్రేమ్ కోసేశాం

అక్కడితో ఒక నిర్ణయం తేలిక, ఫ్రేమ్ పోవాలి. టేబుల్ సా (బల్లలో బిగించిన గుండ్రటి రంపం) మీద మొదటి పొడుగు పక్క కోశాం, ఏమీ జరగలేదు. రెండో పొడుగు పక్క తెగుతున్నప్పుడు బోర్డు చిన్నగా టప్‌మంది. బయటకు తీసి చూస్తే ఆ వెంట్రుక చీలిక లేదు. దానంతట అదే మూసుకుంది, ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే సన్నటి రేకు కూడా దిగలేదు. నేను ఈ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, అయినా లోపల బిగిసి ఉన్న ఒత్తిడి ఇలా కళ్ళ ముందు వదలడం చూస్తే కాసేపు మాట రాదు.

ఒళ్ళులోని ఎపాక్సీ మాత్రం తీయాలి. అలాగే వదిలేయొచ్చు, ఫ్రేమ్ లేదు కాబట్టి ఇక పగలదు అని ఒక వాదన, అతను అదే అన్నాడు. కానీ చీలికల్లోని ఎపాక్సీ ముక్కలు ఐదో వరసలోనూ తొమ్మిదో వరసలోనూ ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం, మేకుల్లా కూర్చున్నాయి. వాటి చుట్టూ చెక్క ఏడాదికోసారి ఉబ్బి వాటిని నొక్కుతూనే ఉంటుంది. పైగా కత్తి పడే చోట ఎపాక్సీ ఉండటం నాకు నచ్చదు. తీసేద్దామన్నాను.

ఎలా తీయాలి అన్నదే సరదా భాగం. చీలిక మీదుగా సన్నగా కోసి మళ్ళీ అంటిస్తే ఆ వరస గళ్ళు ఇరుకై, నమూనా అక్కడ కుంటుతుంది. అందుకని వరసకి వరస తీసేద్దామనుకున్నాం. రంపం అంచు సరిగ్గా పక్క వరస జిగురు గీత మీద పడేలా పెడితే, రంపం తినే 3 మిల్లీమీటర్లు పారేసే వరసలోంచే పోతాయి, పక్క గళ్ళకి దెబ్బ తగలదు. కానీ గళ్ళ బోర్డులో ఒక వరస తీస్తే అటూ ఇటూ ఒకే రంగుతో మొదలయ్యే వరసలు పక్కపక్కకి వస్తాయి, తెలుపు పక్కన తెలుపు. ఐదోది, తొమ్మిదోది తీస్తే మూడు ముక్కలు మిగులుతాయి: నాలుగు వరసలది, మూడు వరసలది, ఆరు వరసలది. రెండు అతుకుల దగ్గరా నమూనా కుదరదు.

కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాం. అతనే కనిపెట్టాడు. అడ్డంగా గళ్ళు పది, సరి సంఖ్య, కాబట్టి ఒక వరసని తల అటు తోక ఇటు తిప్పితే తెలుపుతో మొదలయ్యేది నలుపుతో మొదలవుతుంది. మధ్య ముక్కని ఒక్కదాన్ని తిప్పితే రెండు అతుకులూ ఒకేసారి సరిపోతాయి. గళ్ళు తొమ్మిదో పదకొండో అయ్యుంటే ఈ ఉపాయం పనిచేసేది కాదు. అప్పటినుంచి నేను గళ్ళ బోర్డు ఎప్పుడు గీసినా అడ్డంగా సరి సంఖ్యే పెడుతున్నాను.

తిప్పాక ఒక చిన్న చిక్కు. మొదట చేసినప్పుడు బద్దలన్నీ సరిగ్గా 28 లేవు, ఒక అంచు వైపు 27.8, ఇంకో అంచు వైపు 28.1, ఇలా. అన్నీ ఒకే దిశలో ఉన్నంత కాలం ఆ తేడా కనిపించదు, వరసలన్నీ ఒకే పలకలోంచి వచ్చాయి కాబట్టి తప్పు కూడా అందరికీ ఒకటే. మధ్య ముక్క తిరగబడేసరికి తప్పు కూడా తిరగబడింది, మూలకి మూల కలవాల్సిన చోట అర మిల్లీమీటర్ దాకా తేడా. గళ్ళలో అర మిల్లీమీటర్ అంటే కంటికి దొరికిపోతుంది. ఒక అంచుకి సరిచేస్తే తేడా అంతా రెండో అంచున పోగవుతుంది, అందుకని నడిమి జిగురు గీతని కలిపి పెట్టి తేడాని రెండు వైపులకీ పంచాం, ఎక్కడా 0.3 దాటలేదు. అంచులు తర్వాత సమంగా కోశాం. చూసేవాళ్ళు పట్టుకోలేరు. అతను మాత్రం ఇప్పటికీ చూపిస్తాడు, ఇదిగో ఇక్కడ అని.

అంచు కావాలన్న పట్టు

నాకైతే అక్కడితో చాలు. అంచు లేకుండా, మూలలు గుండ్రంగా చేసి నూనె పట్టించి ఇచ్చేస్తే అయిపోయేది. అతను ఒప్పుకోలేదు. "అక్కకి ఆ ఎర్ర గీతే ఇష్టం అన్నా, అది లేకపోతే వేరే బోర్డు ఇచ్చినట్టే" అన్నాడు. కోరిక న్యాయమైనదే, కాబట్టి అంచు పెట్టే దారి వెతికాం.

మొదట టంగ్ అండ్ గ్రూవ్ అనుకున్నాం. వెడల్పాటి బల్లల చివర అడ్డ బద్ద పెట్టడానికి వాడే పద్ధతి: ఒళ్ళు అంచున నాలుక, ఫ్రేమ్‌లో గాడి, మధ్యలో ఒక్క చోటే జిగురు, మిగతాది జారుతూ ఉంటుంది. నా ఆలోచన, ఫ్రేమ్ కదలనిస్తే చాలు కదా అని. ముందుగా పారేసిన వరస ముక్క మీద నమూనా చేశాం, అదొక్కటే ఇందులో నేను చేసిన తెలివైన పని. 10 మిల్లీమీటర్ల మందం, 8 పొడుగు నాలుక కోసి గాడిలో పెట్టి ఫ్రేమ్ పట్టుకుని ఎత్తాను. బిస్కట్‌లా పటుక్కున విరిగింది.

విరగక ఏం చేస్తుంది. మామూలు బల్లలో నాలుక నార నాలుక పొడుగునా బయటికి ఉంటుంది, అందుకే దానికి బలం. ఇక్కడ నార నిలువుగా ఉంది, నాలుకలో 10 మిల్లీమీటర్ల పొట్టి నార మాత్రమే, బయటికి లాగితే నారకి నారకి మధ్య విడిపోతుంది. విరగకపోయినా ఇంకో గొడవ ఉంది, జారే సందు అంటే నీళ్ళు, మురికి దిగే సందు. కటింగ్ బోర్డుకి అది అసలు ఉండకూడదు. ఆ దారి మూసేశాం.

మరి కదలికని అడ్డుకోకూడదు, జారే సందూ ఉండకూడదు అంటే ఒకటే మిగిలింది. అంచు కూడా ఒళ్ళుతో పాటే కదలాలి. అంటే అంచు నార కూడా నిలువుగానే ఉండాలి.

పని చేసింది

ఇది వినడానికి తేలిక, చేయడానికి కొంచెం తిప్పలు. నిలువు నార అంచు పొడుగాటి బద్దలోంచి రాదు. 25 మందం, 150 వెడల్పు వాల్‌నట్ పలకని అడ్డంగా 42 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, ప్రతి ముక్కనీ నిలబెడితే 150 పొడుగు, 25 వెడల్పు, 42 ఎత్తు అంచు ముక్క వస్తుంది, నార నిలువు. అలాంటివి చివరకి చివర అతికించి కావాల్సినంత పొడుగు చేసుకోవాలి. చివరకి చివర అంటే అతుకు బలహీనం అనుకుంటారు, మామూలు బద్దల్లో నిజమే, కోసిన నార మొహాలు జిగురుని తాగేస్తాయి, పట్టు ఉండదు. ఇక్కడ ఆ చివర్లు పలక పక్క అంచులు, నార వాటి వెంట నిలువుగా ఉంది, పలకలు పక్కపక్కన అంటించినట్టే బలం.

ఎర్ర గీత దగ్గర మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. నాలుగు మిల్లీమీటర్ల మందంలో నిలువు నార పడాక్ రేకు కోస్తే చేతిలోనే విరిగిపోతుంది, రెండు విరిగాయి కూడా. అందుకని వాల్‌నట్ పలక పొడుగ్గా ఉన్నప్పుడే దాని వెడల్పు మొహం మీద 4 మిల్లీమీటర్ల పడాక్ పలకని నార కలిసేలా అంటించి, ఆరాక రెండూ కలిపి అడ్డంగా కోశాం. ప్రతి ముక్కా ఎర్ర గీతతో సహా వచ్చింది, వాల్‌నట్ వెన్నుదన్నుగా ఉంది కాబట్టి విరగలేదు.

మూలలకి నేను నేరుగా ఆనించే అతుకు చాలన్నాను, నిలువు నారలో అది పెద్దగా కనిపించదు. కానీ అలా చేస్తే ఎర్ర గీత మూలలో తిరగకుండా ఒక పక్క బయటి అంచు దాకా పోతుంది. కాబట్టి 45 డిగ్రీలే. పాత ఫ్రేమ్ మూలలతో వీటికి పోలికే లేదు: పాతవాటిలో కోత నారని ఏటవాలుగా తెగ్గొట్టింది, సగం బలం అక్కడే పోయింది. కొత్తవాటిలో కోత కూడా నార వెంటే నిలువుగా దిగుతుంది, మూల అతుకు మిగతా ఏ అతుకుతోనైనా సమానం.

జిగురు మూడు విడతల్లో పెట్టాం. ముందు ఒళ్ళు మూడు ముక్కలు, నీటికి తట్టుకునే పీవీఏతో. మర్నాడు అంచు నాలుగు బద్దలు. ఆ తర్వాత అన్నీ కలిపి, జిగురు లేకుండా ఒకసారి పూర్తిగా బిగించి చూసుకున్నాకే. అన్నీ కలిపేముందు ఒళ్ళూ అంచూ రెండూ వారం రోజులు ఒకే గదిలో ఉంచి, రెండింటి తేమా 10 శాతం దగ్గర కలిశాకే అంటించాం. ఇంటి ఏడాదిలో రెండు కొసలకీ ఇది దాదాపు మధ్యలో ఉంటుంది, అటూ ఇటూ కదలిక సగం సగం పడుతుంది.

పైభాగం చదును చేయడానికి చిత్రిక పట్టే ప్లేనర్ మెషీన్‌లో పెట్టొద్దని గట్టిగా చెప్పాను. నిలువు నార బోర్డు అందులోకి పోతే వెనకంచు చెక్క పెళ్ళగా లేచిపోవడం మంచి ఫలితం, బోర్డు ముక్కలై వెనక్కి తన్నడం చెడ్డ ఫలితం. రౌటర్‌కి (తిరిగే బ్లేడుతో చెక్క తోడే మెషీన్) స్లెడ్ (అది సమంగా జారే చట్రం) కట్టి సన్నటి పొరలుగా తీశాం, తర్వాత గరుకు కాగితంతో శాండింగ్, నంబర్లు 80, 120, 180, 220. పడాక్ ఎర్ర పొడి మేపుల్ రంధ్రాల్లోకి దూరి తెల్ల గళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి, తడిగుడ్డ పెడితే ఇంకా లోపలికి పోతుంది. ప్రతి నంబర్ తర్వాతా వాక్యూమ్, ఆ పైన గాలి కొట్టడం. నార లేవడానికి నీళ్ళు చల్లేది ఒక్కసారే, పొడి మొత్తం పోయిందని చూసుకున్నాక.

చివరగా తినడానికి పనికొచ్చే గ్రేడ్ మినరల్ ఆయిల్, పైనా కిందా పక్కలా, తాగినంత. కిందివైపు వదిలేసేవాళ్ళే ఎక్కువ, ఒక వైపు తేమ తాగి ఇంకో వైపు తాగకపోతే బోర్డు దోనెలా వంగుతుంది. అడుగున నాలుగు రబ్బరు కాళ్ళు, స్టెయిన్‌లెస్ స్క్రూలతో, కింద గాలి ఆడేలా.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఎవరైనా పగిలిన బోర్డు ఫొటో పంపితే ఇప్పుడు ముందు అడిగేది జిగురు గురించి కాదు. ఏ నెలలో చేశారు, ఏ నెలలో పగిలింది, నార ఏ భాగంలో ఏ దిశలో ఉంది. ఈ మూడిటికి జవాబులు వచ్చాకే చీలిక లోపలి మొహం ఫొటో అడుగుతాను, దగ్గరగా. నూటికి నూరూ ఫ్రేమ్ కేసులే ఉండవు, నిజంగానే జిగురు తప్పినవీ వస్తుంటాయి, ఆ మొహం చూస్తే తెలిసిపోతుంది.

కదిలే చీలికని గట్టి పదార్థంతో నింపమని ఇక చెప్పను. కనీసం ఒక తడి కాలం, ఒక పొడి కాలం కొలిచాక చీలిక కదలడం లేదని తేలితే అప్పుడు నింపుకోవచ్చు, తొందరేమీ లేదు.

ఒక విషయంలో మాత్రం నాకూ అతనికీ ఇంకా కుదరలేదు. చిన్న బోర్డులకి, 150 మిల్లీమీటర్ల లోపువాటికి, అడ్డ నార ఫ్రేమ్ తట్టుకుంటుందని అతను అంటాడు, చేసి చూపించాడు కూడా, రెండేళ్ళుగా పగలలేదు. లెక్క ప్రకారం కదలిక అక్కడ ఒకటిన్నర మిల్లీమీటర్ లోపే, జిగురూ చెక్కా కలిసి భరించొచ్చు. నేను చేయను. అది లెక్క కాదు, దెబ్బ తిన్నవాడి భయం అంటే ఒప్పుకుంటాను.

బోర్డు వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళి ఏడాది దాటింది. వెళ్ళే ముందు అడుగున పెన్సిల్‌తో పొడుగు రాయించాను, ప్రతి రెండు నెలలకీ అతను వెళ్ళినప్పుడల్లా కొలిచి కింద ఇంకో అంకె రాస్తున్నాడు. అన్నిటికంటే ఎక్కువ 423.1, అన్నిటికంటే తక్కువ 420.4. మూలలు ఎక్కడా తెరుచుకోలేదు, ఒళ్ళులో చీలిక లేదు. తెల్ల గళ్ళు కొంచెం పసుపెక్కాయి, ఎర్ర గీత గోధుమ రంగుకి తిరుగుతోంది, పడాక్ వెలుతురుకి అంతే, అది ముందే చెప్పాం. వాళ్ళ అక్క మాత్రం బోర్డు తిరగేసి ఆ అంకెలు చూసి, దీనికేమైనా జ్వరమా తమ్ముడూ, రోజూ టెంపరేచర్ రాస్తున్నావు అందట.